దీపాలు వెలిగాక కూడా ఆగని పాట

ప్రియమైన యువ రచయితకు,

మీరు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. రాబిన్ పాడిన ‘డ్యాన్సింగ్ ఆన్ మై ఓన్’ గురించి రాయాలని మీకు ఎందుకు అనిపించిందో మొదటి పేరాలోనే తెలిసిపోయింది. ఆ పాట ఏదో ఒక రాత్రి మీకు ఆసరాగా నిలిచిందన్న సంగతి మీరు ఎక్కడా చెప్పలేదు, కానీ ప్రతి వాక్యం వెనుకా అది వినిపిస్తూనే ఉంది. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

అసలు ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మీరు తొందరపడ్డారు. బాధలో ఉన్నవాళ్లకు ధైర్యం ఇచ్చింది కాబట్టి ఇది క్వీర్ గీతమైందని, అంటే గే, లెస్బియన్, ట్రాన్స్ వంటి మనుషులు తమ అందరిదిగా పాడుకునే పాట అయిందని, ఒక్క వాక్యంలో తేల్చేశారు. బాధలో ధైర్యం ఇచ్చే పాటలు వేలకొద్దీ ఉన్నాయి. వాటిలో ఏ కొన్నింటినో మాత్రమే క్వీర్ మనుషులు తమవిగా చేసుకుని, పదిమందిలో గొంతెత్తి పాడుకుని, తరవాతివాళ్లకు అప్పగించారు. ఆ కొన్నింటిలో ఇది ఎందుకు ఉంది అన్నదే మీ వ్యాసానికి వస్తువు. దాన్ని చివరి పేరాకు వాయిదా వేయకండి.

ముందు పాటలోకే వెళ్దాం. 2010లో వచ్చిన ఈ పాటను స్వీడన్ గాయని రాబిన్, పాట్రిక్ బెర్గర్‌తో కలిసి రాశారు. కథ చాలా చిన్నది. తాను ప్రేమించిన మనిషి మరొకరితో ఉన్నట్టు విని, కళ్లారా చూడటానికి ఒకామె క్లబ్బుకు వెళుతుంది. ఒక మూలన నిలబడి ఆ ఇద్దరినీ చూస్తూ, తోడెవరూ లేకుండా నాట్యం చేస్తుంది. ఆ మనిషి ఆమెను గమనించనే గమనించరు. పాట అయిపోయేసరికి కూడా ఏమీ మారదు, ఎవరూ వెనక్కి రారు, ఆమెకు జ్ఞానోదయమూ కలగదు. ఇక సంగీతం సంగతి చూడండి. మొదటి క్షణం నుంచే సింథసైజర్ బేస్ గుండెదడలాగా కొట్టుకోవడం మొదలవుతుంది. వేగం నిమిషానికి దాదాపు 117 దెబ్బలు, అంటే కూర్చున్నవాడి పాదం కూడా తనకు తెలియకుండా ఆడే వేగం. మాటలు ఓటమిని ఒప్పుకుంటున్నంతసేపూ తాళం మాత్రం ఒక్క అంగుళం వెనక్కి తగ్గదు.

విషాదాన్ని ఆనందం జయించిందని మీరు రాశారు. దయచేసి మరోసారి విని చూడండి. ఏదీ దేన్నీ జయించదు. రెండూ ఒకే శరీరంలో, ఒకే సమయంలో, ఒకదాన్నొకటి చెరపకుండా ఉంటాయి. ఇంట్లో ఒక ముఖం, బయట మరో ముఖం పెట్టుకుని పెరిగిన మనిషికి, స్నేహితుడి పెళ్లిలో అందరికంటే ఉత్సాహంగా చిందులేస్తూ ఆ వరుడినే మనసులో పెట్టుకున్న మనిషికి, ఈ స్థితిని ఎవరూ వివరించనక్కర్లేదు. లోపల ఒకటి, కాళ్లలో ఒకటి జరుగుతుండగా బతకడం వాళ్లకు చిన్నప్పటి నుంచీ అలవాటైన పని. ఈ పాట ఆ పనికి తాళం కట్టి ఇచ్చింది. మీ వ్యాసంలో నాకు కావలసిన వాక్యం ఈ దారిలో ఎక్కడో ఉంది.

రెండో సంగతి వ్యాకరణానిది. మీరు దీన్ని అసలు తాకలేదు, నాకు మాత్రం ఇది ప్రాణంతో సమానం. ఆ పాటలో ప్రేమించిన మనిషి ఎప్పుడూ ‘నువ్వు’ మాత్రమే. ఆ ‘నువ్వు’ అనే మనిషి ముద్దు పెడుతున్నది ఎవరికో వాళ్లు మాత్రమే ‘ఆమె’. ‘నువ్వు’ స్త్రీయో పురుషుడో పాట చెప్పదు. మన భాషలోనూ ఈ తలుపు తెరిచే ఉంది, గమనించారా? ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అన్నామంటే లింగం తేలిపోతుంది. ‘వచ్చాను’, ‘వచ్చావు’ అన్నంతసేపు ఆ ఇద్దరూ ఎవరైనా కావచ్చు. చాలా ఏళ్ల కిందట నేను ఇలాంటి పాటనే ఒకదాన్ని వ్యాసంలో తెలుగు చేసి చూపిస్తూ, పాదం కుదరడం లేదని ‘ప్రియుడా’ అని ఒక సంబోధన చేర్చాను. మూలంలో ఆ మాట లేదు. అచ్చయిన నెలలోపు ఒక పాఠకురాలి నుంచి కార్డు వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఆ పాటలో తాను ఉన్నాననీ, నేను చేర్చిన మాటతో తనను బయట నిలబెట్టి తలుపు వేసినట్టయిందనీ రాశారు. ‘ప్రియా’ అని ఉంటే సరిపోయేది. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. అనువాదం చేసేటప్పుడు ప్రతి సంబోధన దగ్గరా ఆగడం నేను దాని నుంచే నేర్చుకున్నాను.

ఆ తెరిచిన తలుపు ఎంత దూరం పనిచేస్తుందో చూడాలంటే బ్రిటిష్ గాయకుడు కాలమ్ స్కాట్ దగ్గరికి వెళ్లండి. 2015లో ఆయన ఒక బ్రిటిష్ టెలివిజన్ పోటీలో ఇదే పాటను నెమ్మదిగా, పియానో తోడుతో పాడారు. మరుసటి ఏడాది రికార్డుగా వచ్చి బ్రిటన్ పట్టికలో 2వ స్థానానికి చేరింది. రాబిన్ పాడినది అక్కడ 8 వరకే వెళ్లింది. ఆయన గే. ‘ఆమె’ అన్న మాటను ఆయన మార్చకుండా ఉంచారు. దాంతో ఒక పురుషుడు, తాను ప్రేమించిన పురుషుడు ఒక స్త్రీని ముద్దాడటాన్ని చూస్తూ నిలబడిన కథగా అది మారిపోయింది. పాడే మనిషి తన గురించి చెప్పుకునే ‘గర్ల్’ అన్న మాట ‘గై’ అయింది, గొంతు మారింది, కథ అదే. అయినా క్వీర్ క్లబ్బుల్లో జనం ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని పాడుకునేది ఎక్కువగా రాబిన్ పాటనే. తాళం తీసేస్తే మిగిలేది అందమైన ఏడుపు అని నా అభిప్రాయం; మీరు ఒప్పుకోకపోతే వాదించండి, కానీ కారణాలు చూపించండి.

ఇప్పుడు చరిత్ర. పాట చివర్లో ఒకచోట దీపాలు వెలుగుతాయి, సంగీతం ఆగిపోతుంది, ఆమె వీడ్కోలు చెప్పడానికే వచ్చానంటుంది. ఆ వెంటనే డ్రమ్ములు విరుచుకుపడి పల్లవి తిరిగి మొదలవుతుంది. మీరు ఆ చోటును ‘చక్కని మలుపు’ అని దాటేశారు. అక్కడ ఆగండి. న్యూయార్క్‌లోని స్టోన్‌వాల్ ఇన్ అనే బారు, 1960ల చివర్లో, గే జంటలు నాట్యం చేయగలిగిన కొద్ది చోట్లలో ఒకటి. పోలీసులు వస్తున్నారని తెలిస్తే లోపలివాళ్లను హెచ్చరించడానికి పెద్ద దీపాలు వెలిగించేవారు. అవి వెలగడంతోనే జంటలు విడిపోవాలి, నడుము మీది చెయ్యి జారిపోవాలి, ఎవరికి ఎవరూ ఏమీ కానట్టు నిలబడాలి. 1969 జూన్ 28 తెల్లవారుజామున కూడా దీపాలు వెలిగాయి. ఆ రోజు మాత్రం జనం అణిగిమణిగి ఇళ్లకు వెళ్లలేదు, పోలీసుల మీద తిరగబడ్డారు. రాబిన్ ఆ పంక్తి రాసేటప్పుడు ఇదంతా తలచుకున్నారని నేను అనడం లేదు, మీరూ అనకూడదు. పాడేవాళ్ల మనసులో ఏముందో ఊహించి రాయడం వ్యాసానికి తగని పని. వినేవాళ్లు తమ వెంట ఏ జ్ఞాపకం తెచ్చుకుంటారో రాయండి. నాట్యం చేసే చోటును పోగొట్టుకున్న అనుభవం ఉన్నవాళ్లకు, దీపాలు వెలిగాక కూడా తాళం తిరిగి మొదలవడం అంటే ఏమిటో వేరుగా తెలుస్తుంది.

ఇలా పాట చేతులు మారడం కొత్త కాదు. అమెరికన్ గాయని గ్లోరియా గేనర్ ‘ఐ విల్ సర్వైవ్’ 1978లో మరో పాట వెనుక వైపున, రికార్డుకు రెండో ముఖంగా వచ్చింది. ఆవిడ వేదిక మీద పడిపోయి, వెన్నుకు శస్త్రచికిత్స జరిగాక, నడుముకు పట్టీ కట్టుకుని ఆ పాట రికార్డు చేశారు. క్లబ్బుల్లో డీజేలు రికార్డును తిరగేసి వాయించారు, 1979లో అది అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. ఆ తరవాత రెండేళ్లకే ఎయిడ్స్ వార్తలు మొదలయ్యాయి. విడిచిపోయిన ప్రియుడికి తలుపు చూపించే పాట, నెలకొక స్నేహితుడిని సాగనంపుతున్న మనుషుల నోట బతికే ఉంటామన్న మాటగా మారింది. మాటలు అవే, పాడే సందర్భం బరువెక్కింది.

దీనికి భిన్నంగా పుట్టిన పాట ఒకటుంది, దాన్ని మీరు తప్పకుండా పక్కన పెట్టుకుని చూడాలి. 1984లో బ్రాన్‌స్కీ బీట్ అనే బ్రిటిష్ బృందం చేసిన ‘స్మాల్‌టౌన్ బాయ్’. ఆ ముగ్గురు సభ్యులూ తాము గే అని మొదటి నుంచీ బాహాటంగా చెప్పుకున్నవాళ్లే. బ్రిటన్‌లో స్త్రీ పురుషుల మధ్య సమ్మతి వయసు 16 ఏళ్లయితే, ఇద్దరు పురుషుల మధ్య అప్పటికి 21. ఆ అన్యాయాన్నే వాళ్లు ‘ది ఏజ్ ఆఫ్ కన్సెంట్’ (సమ్మతి వయసు) అని తమ ఆల్బమ్‌కు పేరు పెట్టారు. పాట వీడియోలో, దెబ్బలు తిని పోలీసుల వెంట ఇంటికి చేరిన కుర్రవాడు రైలెక్కి ఊరు విడిచి వెళ్లిపోతుంటాడు. తల్లి కౌగిలించుకుంటుంది. తండ్రి డబ్బు చేతిలో పెడతాడు, కుర్రవాడు చాచిన చేతిని మాత్రం అందుకోడు. ఇదంతా జరుగుతున్నంతసేపూ ఆ బృంద గాయకుడు జిమ్మీ సోమర్‌విల్ సన్నని పైస్థాయి గొంతు ఏడుస్తూ ఉంటుంది, కింద డ్యాన్స్ బీట్ ఆ రైలుకంటే ముందే పరుగెత్తుతూ ఉంటుంది. ఈ పాటకు ఎవరూ క్వీర్ అర్థం చేర్చనక్కర్లేదు. అయినా అది గీతం కావడానికి నాట్యశాలే కావలసి వచ్చింది. ఇల్లు వదిలి వచ్చిన కుర్రవాళ్లు చేరేది అక్కడికే కాబట్టి, వాళ్లను ఇంటి నుంచి పంపేసిన కథ వాళ్లు కలుసుకున్న చోటనే మోగింది. అందాకా ఆ దుఃఖం తన ఒక్కడిదే అనుకున్నవాడు, పక్కవాడి పెదవులు కూడా అవే మాటలకు కదలడం చూస్తాడు. పాట గీతమయ్యే క్షణం అదే అని నేను నమ్ముతాను.

2019 మార్చిలో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రాబిన్ కచేరీ ముగిశాక, ఇంటిదారి పట్టిన అభిమానులు కింద సబ్‌వే ప్లాట్‌ఫారం మీద ఈ పాటనే అందుకున్నారు. తనొక్కతే ఆడుతున్నానని చెప్పే మాటలను ఒక గుంపు గొంతు కలిపి పాడింది. ఆ వీడియో దొరికితే చూడండి. చూసి, ‘వేలాది హృదయాలు ఒక్కటయ్యాయి’ వంటి వాక్యం రాయకండి. ఏ ఒక్క మనిషినో ఎంచుకుని, ఆ మనిషి నోరు, చేతులు, నిలబడిన తీరు మీకు కనిపించినంత మేరకే రాయండి. ఆ మనిషి ఎవరిని ప్రేమిస్తారో మాత్రం ఊహించి రాయకండి; తమ గురించి తాము చెప్పుకునే హక్కు కోసమే ఇన్నేళ్లూ పోరాడినవాళ్ల గురించి రాస్తున్నామని మరిచిపోవద్దు.

మీ మూడో పేరాను పూర్తిగా తీసేయండి. నాలుగో పేరాలో మీరు పాటను మొదటిసారి విన్న గది గురించి ఒకటిన్నర వాక్యం ఉంది, తరవాత భయపడి ఆగిపోయినట్టుంది. మీకు ఇబ్బంది లేకపోతే ఆ ఒకటిన్నర వాక్యాన్ని పూర్తి చేయండి. ఇబ్బందైతే అదీ తీసేయండి, ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. కొత్త ప్రతిని దీపాలు వెలిగే చోటు దగ్గర మొదలుపెట్టి రాసి పంపండి. నెలాఖరులోపు పంపితే, పాట పక్కనే పెట్టుకుని చదువుతాను.

మీ శ్రేయోభిలాషి