17 ఏళ్ళ ఫాస్ట్ బౌలర్‌కి నడుం నొప్పి, కైరోప్రాక్టిక్ చేయించొచ్చా?

మీ తమ్ముడికి నెల నుంచి నడుం నొప్పి, వీడియోలు చూసి కైరోప్రాక్టర్ (చేతులతో వెన్ను కీళ్ళని నొక్కి, తిప్పి వైద్యం చేసేవాళ్ళు) దగ్గరికి వెళ్దామంటున్నాడు, తీసుకెళ్ళనా అని అడిగారు. ముందు ఎముకల డాక్టర్‌కి చూపించండి, తర్వాత సంగతి తర్వాత. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నాకూ ఇదే జరిగింది.

మాది కావలి. కుడిచేతి ఫాస్ట్ బౌలర్ని. 19 ఏళ్ళప్పుడు నడుం కింద ఎడమపక్క, వేలు పెట్టి చూపించగలిగేంత చోట పోటు మొదలైంది. మా అమ్మమ్మ ముందు ఎదురుకాళ్ళతో పుట్టిన ఒకాయన చేత తన్నించింది. తగ్గకపోతే రైలెక్కి చెన్నై పోయి ఒక కైరోప్రాక్టర్ దగ్గర నాలుగుసార్లు చేయించుకున్నా. టప్‌మని శబ్దం వచ్చేది, లేచి నిలబడితే ఒళ్ళు తేలికైపోయేది, అబద్ధమెందుకు, ఆ పూట నిజంగానే హాయిగా ఉండేది. మళ్ళీ రెండు ఓవర్లు వేస్తే అదే చోట అదే పోటు. ఎముక సర్దుకుందనుకున్నా గానీ, ఆ శబ్దం కీలు లోపలి ద్రవంలో గ్యాస్ వల్ల వచ్చేదట. స్కాన్ మాట అక్కడ ఎవరూ ఎత్తలేదు, నాకు ఇప్పటికీ బాధనిపించేది అదే.

చివరికి నెల్లూరులో ఒక డాక్టర్ ఎడమకాలి మీద నిలబెట్టి వెనక్కి వంగమన్నారు. ప్రాణం పోయినంత పనైంది. ఎంఆర్ఐలో కింది వెన్నుపూసలో స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే ఒత్తిడి పడి ఎముకలో వచ్చే సన్నటి చీలిక, అని తేలింది. కుర్ర ఫాస్ట్ బౌలర్లకి ఇది తరచుగా వచ్చేదే, అదీ బంతి వేసే చేతికి అవతలి పక్కనే ఎక్కువ. అలా చీలిక ఉన్నచోట బలంగా తిప్పడం, నొక్కడం చెయ్యకూడదు.

నాలుగు నెలలు బంతి ముట్టలేదు. ఫిజియో మేడమ్ ప్లాంక్‌లు (మోచేతులూ కాలివేళ్ళూ ఆనించి ఒళ్ళు తిన్నగా నిలపడం) చేయించారు, తర్వాత చేతులూ మోకాళ్ళూ ఆనించి కుడి చెయ్యి, ఎడమ కాలు చాచమని, నడుం మీద నీళ్ళ గ్లాసు పెట్టేవారు. మొదటి వారమంతా చొక్కా తడిసేది. గ్లాసు కదలకుండా నిలిచాకే బౌలింగ్‌కి ఒప్పుకున్నారు, అదీ రోజు మార్చి రోజు 24 బంతులే.

కైరోప్రాక్టిక్ పనికిరాదని కాదు. పై వీపు పట్టేసినప్పుడు ఇప్పటికీ నేను వెళ్తా, దాంతోపాటు వ్యాయామం చేస్తే ఉపయోగం కనబడింది. మీవాడికి మాత్రం స్కాన్ అయ్యేదాకా బౌలింగ్ ఆపించండి. ఈలోగా కాళ్ళు తిమ్మిరెక్కినా, మూత్రం మీద అదుపు తప్పినా ఒక్క రోజు కూడా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.