ఏడో తరగతి గోల గురించి మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి,
మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. “క్లాసు నా చేతిలో ఉండటం లేదు, ఏం చేస్తే గోల తగ్గుతుంది మావయ్యా” అని అడిగావు. గోలంటే ఒకటే అయితే జవాబు చెప్పేవాణ్ణే. నువ్వు రాసిన నలుగురు పిల్లలూ నాలుగు వేర్వేరు పనులు చేస్తున్నారు. నువ్వేమో నలుగురినీ వరండాలో నిలబెడుతున్నావు.

ముందు ఆ గిల్లే కుర్రాడి సంగతి చూద్దాం. ఒడియా పీరియడు వస్తే చాలు, పక్కవాణ్ణి గిల్లుతాడని రాశావు. లెక్కల పీరియడులో కిక్కురుమనడనీ నువ్వే రాశావు, కానీ వేరే పేజీలో. ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చదువుకో. మన ఒడిశా బళ్లలో పాఠం పైకి చదివించేటప్పుడు వంతు బెంచీ వెంట బెంచీ జరుగుతూ వస్తుంది. వాడి వంతుకి ఇంకా ఇద్దరు ఉన్నారనగా చెయ్యి కదులుతుందేమో రేపు గమనించు. వాడు గిల్లుతాడు, అవతలివాడు కేక వేస్తాడు, నువ్వు “బయటికి నడు” అంటావు. వాడికి కావలసిందీ అదే. ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగు, పుస్తకంలో మాత్రం ఒడియా. సంయుక్తాక్షరం వచ్చేసరికి నాలుక తడబడుతుంది. ఆడపిల్లల ముందు చదవడం రానివాడు అనిపించుకోవడం కంటే అల్లరివాడు అనిపించుకోవడం నయమని పన్నెండేళ్లవాడి లెక్క. ఆ లెక్క తప్పని నేనూ అనలేను.

వీణ్ణి బయటికి పంపకు. రేపు చదవాల్సిన నాలుగు లైన్లు ఈరోజు సాయంత్రమే గుర్తుపెట్టి ఇవ్వు, “ఇవే అడుగుతాను” అని చెప్పు. కొన్నాళ్లు వంతులు మానేసి ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి చదివించు. చదువు నుంచి తప్పించుకోవడానికి చేసే అల్లరికి చదువు నుంచి తప్పించడమే శిక్షగా వేస్తే అది ఇంకా బలిసిపోతుంది.

అందుకని ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకో. ఏ పీరియడు, అంతకు ముందు ఏం జరుగుతోంది, పిల్లవాడు ఏం చేశాడు, ఆ తర్వాత వాడికి ఏం దక్కింది, ఇవి నాలుగూ రాయి. “మొండి”, “పొగరు” అని మాత్రం రాయకు. “మూడుసార్లు పిలిచినా లేవలేదు” అని రాయి. స్టాఫ్ రూములో పాత మాస్టర్లు “వాడి అన్న కూడా అంతే” అంటారు. వాళ్లిచ్చే టీ తాగు, ఆ మాట మాత్రం అక్కడే వదిలేసిరా.

వియన్నాలో పుట్టి అమెరికా వెళ్లిన రుడాల్ఫ్ డ్రైకర్స్ అనే మానసిక వైద్యుడు పిల్లల దుష్ప్రవర్తన వెనక నాలుగు ఉద్దేశాలుంటాయన్నాడు: నలుగురి కళ్లలో పడటం, పంతం నెగ్గించుకోవడం, పగ తీర్చుకోవడం, చేతకానట్టు కనిపించి తప్పుకోవడం. అన్ని అల్లర్లూ ఈ నాలుగింటిలో ఇమడవనుకో. కానీ వాటిని పోల్చుకోవడానికి ఆయన చెప్పిన దారి నాకు నచ్చింది. ఆ సమయంలో నీకేమనిపించిందో చూసుకోమంటాడు. విసుగొస్తే వాడు నీ చూపు కోసం చేస్తున్నాడు. ఒళ్లు మండి “వీడో నేనో తేలాలి” అనిపిస్తే అది పంతం. మనసు చివుక్కుమంటే పగ. “ఇక వీడితో కాదు” అని నీరసం వస్తే వాడూ తన మీద ఆశ వదిలేసుకున్నాడన్నమాట.

చూపు కోసం చేసేవాణ్ణి అల్లరి చేస్తున్నప్పుడు పట్టించుకోకు, బుద్ధిగా ఉన్న నిమిషంలో పేరు పెట్టి పిలువు. “నేను రాయను” అని ఎదురు తిరిగిన ఆ పొడుగు కుర్రాడితో క్లాసందరి ముందూ వాదన పెట్టుకోకు. చూసేవాళ్లున్నంతసేపూ వాడు తగ్గడు, తగ్గలేడు. “ఇప్పుడు రాస్తావా, భోజనాల తర్వాత నా దగ్గర కూర్చుని రాస్తావా” అని నెమ్మదిగా అడిగి, జవాబు కోసం అక్కడే నిలబడకుండా పక్క బెంచీకి వెళ్లిపో. చార్టు చింపిన పిల్ల సంగతి వేరు. దాన్ని ఎవరు, ఎప్పుడు అవమానించారో ముందు కనుక్కో. అది నువ్వే కావచ్చు, నీకు తెలియకపోవచ్చు కూడా. ఇక బెంచీ మీద తల వాల్చి పడుకునేవాడు ఎవరికీ అడ్డం రాడు కాబట్టి నీ జాబితాలోకి ఎక్కలేదు. నా లెక్కలో అందరికంటే ముందు చూడాల్సింది వాణ్ణే.

మూడో బెంచీలో ఎప్పుడూ గుసగుసలాడే పిల్ల గురించి కోపంగా రాశావు. దాని పక్కన కొండమీది సవర గూడెం నుంచి వచ్చిన పిల్ల కూర్చుంటుందనీ రాశావు. ఒకసారి వెనక్కెళ్లి విను. నువ్వు ఒడియాలో చెప్పింది తనకొచ్చిన నాలుగు సవర ముక్కల్లో దానికి చెబుతోందేమో. అదే అయితే పాఠం మధ్యలో రెండు నిమిషాలు ఆగి “పక్కవాళ్లకి చెప్పండి” అని అందరికీ అనుమతివ్వు. మన పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. నువ్వు అంత చెయ్యక్కర్లేదు. నీళ్లు, ఆకలి, అర్థమైందా, ఇల్లు, ఇలాంటి మాటలు కొన్ని నేర్చుకుంటే చాలు.

మిగతా గోలలో సగం ఉత్త గోలే. భోజనం తర్వాత పీరియడు, రేకుల మీద వాన, నువ్వు బోర్డు వైపు తిరిగి పది నిమిషాలు రాస్తూ ఉండిపోవడం. బోర్డు మీద సగం ముందే రాసి ఉంచుకో.

ఒంట్లో బాగోక చేసేవీ ఉంటాయి. చెవిలో చీము కారే పిల్లకి సగం వినపడదు, పిలిస్తే పలకదు. నువ్వు పొగరనుకుంటావు. మాట మధ్యలో కొన్ని సెకన్లు కళ్లు నిలిపేసి, మళ్లీ ఏమీ ఎరగనట్టు మొదలుపెట్టే పిల్లవాడిది పరధ్యానం కాకపోవచ్చు, ఒకరకం మూర్ఛ కావచ్చు. ఒక్కచోట కూర్చోలేని ప్రతివాడికీ ఏడీహెచ్‌డీ (నిలకడ, ఏకాగ్రత కుదరని రుగ్మత) అని పేరు పెట్టకు. అది పన్నెండేళ్లలోపే మొదలై, ఇంట్లోనూ బడిలోనూ కూడా, ఆరు నెలలకు పైగా కనిపించాలి. తేల్చాల్సింది డాక్టరే. పిల్లలను పరీక్షించే ఆర్‌బీఎస్‌కే బృందం బడికి వచ్చిన రోజున నీ నోటుబుక్కు వాళ్ల ముందు పెట్టు, నోటిమాటగా చెబితే హడావుడిలో పోతుంది.

కర్ర ఊసు ఎత్తావు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. గోడకుర్చీలు, గుంజీలు, కులం పేరో గూడెం పేరో పెట్టి ఎగతాళి, అన్నీ అందులోకే వస్తాయి. చట్టం లేకపోయినా నేను వద్దనే అంటాను. కర్ర పడ్డాక పిల్లవాడు ఎందుకు చేశాడో నీకు ఇక ఎప్పటికీ తెలియదు.

నిన్నటిదాకా బాగున్న పిల్ల ఉన్నట్టుండి మారిపోతే మాత్రం రెండు వారాలు గమనిస్తూ కూర్చోకు. ఇంట్లో ఏదో జరిగి ఉంటుంది. తండ్రి వలస వెళ్లాడేమో, పెళ్లి మాటలు నడుస్తున్నాయేమో, అంతకంటే చెడ్డదేమో. పక్కకు పిలిచి అడుగు. ప్రమాదం అనిపిస్తే హెడ్మాస్టారికి చెప్పు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి.

తల్లిదండ్రులకి డైరీలో ఒడియాలో ఫిర్యాదు రాసి పంపావట. మన తెలుగు వీధిలో ఆ రాత ఎవరు చదువుతారు? పిల్లవాడే చదివి వినిపిస్తాడు, తనకు నచ్చినట్టు. సంతరోజున ఆ తల్లి ఎలాగూ బజారుకొస్తుంది. అక్కడ నిలబడి తెలుగులో మాట్లాడు. ముందు వాడికి లెక్కలు బాగా వస్తున్నాయని చెప్పు, గిల్లుడు సంగతి తర్వాత.

ఇట్లు,
మావయ్య