కొత్త మీటర్ కొనే ముందు రీడింగ్ చూడు

అల్లుడూ,

బుల్లెట్‌కి పక్కన సైడ్‌కార్ తొట్టి బిగించినప్పటి నుంచి స్పీడోమీటర్ ముల్లు గంతులేస్తోందని, కొత్త మీటర్ కొనేస్తానని రాశావు. ఆగు. ముందు కిలోమీటర్ల అంకెలు తిరుగుతున్నాయో లేదో చూడు, సగం సంగతి అక్కడే తేలిపోతుంది. ఆ అంకెల్ని ముందు చక్రం నుంచి వచ్చే కేబుల్ నేరుగా పళ్లచక్రాలతో తిప్పుతుంది. ముల్లు సంగతి వేరు, లోపల అయస్కాంతం గిర్రున తిరుగుతుంటే దాన్ని తాకకుండా ఉన్న అల్యూమినియం గిన్నె ఆ లాగుడికి కాస్త తిరుగుతుంది, సన్నటి స్ప్రింగు దాన్ని వెనక్కి పడుతుంటుంది. అంకెలు బాగానే తిరుగుతూ ముల్లు ఒక్కటే చచ్చుబడితే తప్పు మీటర్‌లోనే. రెండూ ఆగిపోతే ముందు మీటర్‌ని అనుమానించకు, కేబుల్నీ, ముందు చక్రం మధ్యలో హబ్ దగ్గర ఉండి కేబుల్‌ని తిప్పే మీటర్ గేర్‌నీ చూడు.

మీటర్ కింద కేబుల్ నట్టు విప్పి, బండిని ఎవరితోనైనా నాలుగడుగులు తోయించు. సైడ్‌కార్ బండి పక్కకి ఒరగదు కాబట్టి నువ్వు తాపీగా వంగి చూడొచ్చు. లోపలి తీగ తిరుగుతుంటే దాని చదరపు కొన గుండ్రంగా అరిగిందేమో వేలితో తడుము. తిరగకపోతే పైకి లాగు, ముక్కే వస్తే తెగినట్టు, నిండుగా వస్తే ఆ మీటర్ గేర్ విప్పాలి.

నీ బండి ముల్లు గంతులేస్తోంది కాబట్టి నా అనుమానం కేబుల్ మీదే. సైడ్‌కార్‌తో హ్యాండిల్ బరువెక్కుతుందని కొందరు ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ కూడా మార్చేస్తారు, కేబుల్ మాత్రం పాతదే ఉంచేస్తారు. హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పు, ఫోర్క్‌ని నొక్కి వదులు, ఎక్కడ లాగుతోందో, ఎక్కడ మడత పడుతోందో కనిపిస్తుంది. అక్కడే తీగ పట్టేసి ఒక్కసారిగా వదులుతుంది, ముల్లు దూకుతుంది. తీగ బయటికి తీసి బల్ల మీద దొర్లించు, వంకర ఉంటే ఎగిరెగిరి పడుతుంది, అలాంటిది మార్చేయడమే. గ్రీజు పల్చగా పెట్టు, మీటర్ వైపు ఆరంగుళాలు వదిలేసి. పైదాకా పూస్తే అది మీటర్‌లోకి పాకి ముల్లు ఎక్కడపడితే అక్కడ అంటుకుపోతుంది, అప్పుడు నిజంగానే మీటర్ పోతుంది.

ముల్లు నిలకడగా ఉండి ఎక్కువ చూపిస్తే అది వేరే సంగతి. ముందు వైపు 19 అంగుళాల చక్రం తీసేసి చిన్నది వేశారా? చిన్న చక్రం అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది, అంకెలూ ముల్లూ రెండూ ఎక్కువే చూపిస్తాయి. హైవే మీద కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ పది కిలోమీటర్లు పోనిచ్చి అంకెలతో పోల్చు, 40లో నిలకడగా వెళ్తూ ఫోన్ జీపీఎస్‌తో ముల్లు పోల్చు. ఫోన్ చూసే పని పక్కన కూర్చున్నవాళ్లకి అప్పగించు.

ఇది తేలేదాకా మా అక్కని ఎక్కించుకుని దూరం వెళ్లకు. ఒక్కడివే వెళ్లినా ఎడమ మలుపుల్లో బాగా నెమ్మదించు, ఎడమ వైపున్న ఖాళీ సైడ్‌కార్ చక్రం అక్కడే లేస్తుంది. కేబుల్ దారి ఫొటో తీసి పంపు, హ్యాండిల్ తిన్నగా ఉన్నప్పుడు ఒకటి, ఎడమకి పూర్తిగా తిప్పి ఒకటి.

మావయ్య