చార్మ్ ప్యాక్ దొరకట్లేదని బొంత ఆపకండి, మీ వీధిలో మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లండి

విదేశీ వీడియో చూసి పాపకి క్విల్ట్ కుడదామంటే అందులో వాడిన చార్మ్ ప్యాక్ ఇక్కడ దొరకట్లేదు, బయటి నుంచి తెప్పిస్తే మరీ ఖరీదు, ఏం చెయ్యాలి అన్నారు కదా. నాకూ మొదట్లో ఇదే టెన్షన్. ఆరేళ్లుగా కుడుతున్నాను, ఇప్పటిదాకా ఒక్క ప్యాక్ కూడా కొనలేదండీ. చార్మ్ ప్యాక్ అంటే 5 అంగుళాల చదరపు బట్ట ముక్కల కట్ట, అంతే. ఆ కొలతే ఉండాలని ఏమీ లేదు, మనకి దొరికే బట్టని బట్టి మార్చుకోవచ్చు.

ఆ డిజైన్లలో కుట్టుకి పావు అంగుళమే వదులుతారు, వాళ్లు వాడేది దగ్గరి నేత బట్ట కాబట్టి సరిపోతుంది. మన మంగళగిరి, పోచంపల్లి చేనేత బట్ట అయితే కోసిన చోట పోగులు ఊడి వస్తాయి, అందుకని నేను ప్రతి వైపూ అర అంగుళం వదులుతాను. 6 అంగుళాల ముక్క కోస్తే కుట్టాక 5 మిగులుతుంది. అడ్డం 7, నిలువు 9 పెడితే మొత్తం 63 ముక్కలు, 35 బై 45 అంగుళాల బొంత, పసిపిల్లకి చక్కగా సరిపోతుంది. 44 అంగుళాల పన్నాలో (అంటే బట్ట వెడల్పులో) వరసకి 7 ముక్కలు వస్తాయి కాబట్టి ఏడు రకాలు అర మీటరు చొప్పున తీసుకుంటే ఇంకా మిగులుతుంది. పన్నా మాత్రం అన్ని బట్టలకీ ఒకటే ఉండదు, అడిగి కొనండి.

కోసేముందు తప్పకుండా తడపండి. నా మొదటి బొంతలో ఎర్ర కలంకారీ ముక్క పక్కనున్న తెల్ల ఖాదీ మీదకి రంగు దిగి, రెండు నెలల పని పాడైంది, చాలా ఏడ్చాను. ఉప్పునీళ్లలో నానబెడితే ఆగుతుందన్నారు, నా దగ్గర ఆగలేదు. ఇప్పుడు ముదురు రంగులు విడిగా, నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతికి, తడిగా ఉన్నప్పుడే తెల్లగుడ్డతో రుద్ది చూస్తాను.

లోపల పెట్టే బ్యాటింగ్, అంటే దూది లాంటి మందపు పొర గురించి అసలు బెంగ వద్దు. మన ఎండలకి అది బరువే. మీ అమ్మగారిదో అత్తగారిదో మెత్తబడిన నేత చీర ఉంటే అయిదున్నర మీటర్లలో ఈ కొలతకి ఐదు పొరలు వస్తాయి. ఒకటి అడుగుకి, మూడో నాలుగో మధ్యకి. పొరలు జరగకుండా ముందు కచ్చా కుట్టు వేసుకుని, మధ్యలోంచి అంచులకి కుట్టుకుంటూ రండి.

ఇక షాపు. మా గుడివాడలో నేను వెళ్లేది ఇద్దరు నిలబడితే మూడోవాళ్లకి చోటు లేని మ్యాచింగ్ సెంటర్. తానుల చివర మిగిలిన ముక్కలన్నీ కౌంటర్ కింద సంచిలో ఉంటాయి, అడిగితే ముందు గుమ్మరిస్తారు. ఆకుపచ్చ కావాలంటే "ఏ ఆకుపచ్చమ్మా, చిలకపచ్చా, మామిడాకు పచ్చా?" అంటూనే రెండూ తీసేస్తారు. ట్యూబ్‌లైట్ కింద రంగు తెలియదని షాపాయనే తానుని గుమ్మం దాకా మోసుకొచ్చి వెలుతురులో చూపిస్తారు. నీలిమందు రంగు పక్కన ఆవపిండి రంగు పెట్టమన్నది ఆయనే, నాకు నమ్మకం లేకపోయినా పెట్టాను, ఆ బొంత చూసినవాళ్లందరూ ముందు దాన్నే అడుగుతారు. ఒక్క పూట ఆ కొట్లో కూర్చుంటే నాకు వారం అలసట పోతుంది, నిజంగా.

శ్రావణ మాసంలో మాత్రం వెళ్లకండి, జాకెట్ ముక్కలు కొనేవాళ్లతో వాళ్లకి ఊపిరాడదు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం భోజనాల తర్వాత వెళ్లి, మీరేం కుడుతున్నారో చెప్పండి, రెండోసారికి మీకోసం ముక్కలు పక్కన పెట్టి ఉంచుతారు. నచ్చిన అచ్చు ఉంటే పావు మీటరు ఎక్కువే తీసుకోండి, అదే మళ్లీ వస్తుందన్న నమ్మకం లేదు. అంచుకి బట్ట మాత్రం ఇప్పుడే కొనొద్దు. 63 ముక్కలూ కలిపి కుట్టాక దాన్నే మడిచి సంచిలో పెట్టుకుని షాపుకి తీసుకెళ్లండి, నాలుగైదు తానులు పక్కన పెట్టి చూస్తే ఏది నప్పుతుందో అక్కడే తెలుస్తుంది.