బ్రిటన్‌లో ఒకప్పుడు టీవీలు కొనకుండా అద్దెకు ఎందుకు తెచ్చుకునేవారు?

1960లు, 70లలో అదే తెలివైన పని. అప్పటి సెట్లలో వాల్వులు, అంటే బల్బుల్లాంటి గాజు గొట్టాలు, తరచూ కాలిపోయేవి. అద్దె సెట్టయితే మరమ్మతు భారం కంపెనీదే.

అంతకన్నా పెద్ద భయం, ప్రసార పద్ధతి మారిపోవడం. 1964లో బీబీసీ-2 ఛానల్ యూహెచ్‌ఎఫ్ అనే ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాల మీద, తెరమీది బొమ్మను 625 అడ్డగీతలతో గీసే పద్ధతిలో మొదలైంది. 405 గీతల పాత సెట్టు ఎంత నిక్షేపంలా ఉన్నా అందులో ఆ ఛానల్ రాదు. 1967లో రంగుల ప్రసారాలు వచ్చాయి. కలర్ సెట్టు కొనడమంటే సామాన్యుడికి తలకు మించిన ఖర్చు. అద్దెకు తెచ్చుకున్నవారు పాతది ఇచ్చేసి కొత్తది తెచ్చుకోగలిగేవారు. కొన్నవారి డబ్బు మాత్రం పాత సెట్టులోనే ఇరుక్కుపోయేది.

వాల్వుల స్థానంలో ట్రాన్సిస్టర్లు వచ్చి సెట్లు మన్నికగా తయారై, ధరలు దిగాక లెక్క తలకిందులైంది. ఇప్పుడైతే నా మాట, నిస్సందేహంగా కొనండి. ప్రసార పద్ధతి మారినా చాలావరకు సెట్‌టాప్ బాక్సు మారిస్తే సరిపోతుంది.