మోకాలి మీది మచ్చతో మొదలుపెట్టండి

టీనేజి పిల్లల చేత సొంత అనుభవాలు చెప్పించడం, రాయించడం మీద ప్రశ్నలు పంపమని పాఠకులను అడిగాం. అందిన ఉత్తరాల్లో అయిదింటికి జవాబులివి.

ప్రశ్న: తొమ్మిదో తరగతికి తెలుగు చెబుతాను. క్లాసులో 42 మంది. ‘మరచిపోలేని సంఘటన’ రాయమంటే సగం మంది విహారయాత్ర రాశారు. వాక్యాలన్నీ ఒకేలా ఉన్నాయి, చివర తలా ఒక నీతి. వీళ్లకంటూ ఒక గొంతు ఎలా వస్తుంది?
– ఒక ఉపాధ్యాయిని, జనగామ జిల్లా

జవాబు: ‘మరచిపోలేని’ అనగానే పిల్లలు తమ బతుకులో పెద్ద విషయం ఏముందా అని వెతుకుతారు. దొరకదు. దాంతో గైడులో చదివిన వాక్యాల మీద పడతారు. కాబట్టి చిన్నది అడగండి. మోకాలి మీదో మోచేతి మీదో ఉన్న మచ్చ ఎలా పడింది? తాళంచెవి పోయిన రోజు ఏం జరిగింది? మొదటిసారి ఒక్కరే బస్సెక్కినప్పుడు ఎక్కడ కూర్చున్నారు? మచ్చ గురించి అడిగేటప్పుడు ‘చెప్పుకోవడానికి ఇబ్బంది లేనిది’ అని తప్పక అనండి. కొన్ని మచ్చలు ఎవరో కొట్టినప్పుడు పడినవి అయ్యుండొచ్చు.

రాయించే ముందు రెండుసార్లు నోటితో చెప్పించండి. 45 నిమిషాల పీరియడు ఇలా సరిపోతుంది. మొదటి 5 నిమిషాల్లో ఎవరికి వారు మూడు సంగతులు ఒక్కో ముక్కలో రాసుకుని ఒకటి ఎంచుకోవాలి. తర్వాత జంటలు. ఒకరు 2 నిమిషాలు చెబుతారు, రెండోవారు మధ్యలో మాట్లాడకూడదు. అయ్యాక మూడే ప్రశ్నలు: అప్పుడు ఎక్కడున్నావు? ఎవరు ఏ మాట అన్నారు? నీ చేతిలో ఏముంది? ఆపైన వంతు మారుతుంది. రెండోసారి జంటలు మార్చి, అదే సంగతిని ఒకటిన్నర నిమిషంలో చెప్పించండి. మొదటిసారి ‘మాది ఫలానా ఊరు, మేము నలుగురం’ అంటూ మొదలుపెట్టిన పిల్లవాడు రెండోసారి నేరుగా ఆ సంగతి జరిగిన బావి గట్టు మీదికి వెళ్లిపోతాడు. వినేవాడి కళ్లు ఎక్కడ పెద్దవయ్యాయో వాడికి తెలిసిపోయింది మరి. ఆ వేడి మీదే 12 నిమిషాలు ఆగకుండా రాయమనండి. మిగిలిన సమయంలో ఇష్టమున్నవాళ్లు మాత్రమే చదువుతారు. 21 జంటలు ఒకేసారి మాట్లాడితే గోల తప్పదు. హెడ్మాస్టరుకు ముందే చెప్పి చెట్టు కిందకు తీసుకెళ్లండి.

మొదటి ప్రతి మీద ఎర్రసిరా పెట్టకండి. పెన్సిలుతో పక్కన ఒక్క ప్రశ్న రాయండి, చాలు. ఆ ఒక్క ప్రశ్న ఎంత పని చేస్తుందో చూడండి. హాస్టల్లో చేరిన రోజు గురించి ఒక అమ్మాయి ఇలా రాసిందనుకుందాం: ‘ఆ రోజు నాకు చాలా బాధ కలిగినది. అమ్మానాన్నలు గుర్తుకువచ్చి ఏడ్చితిని. కష్టపడి చదివితేనే ఫలితం ఉంటుంది.’ పక్కన ‘అమ్మ వెళ్లేటప్పుడు నీకేం ఇచ్చింది?’ అని రాస్తే, రెండో ప్రతి ఇలా రావచ్చు: ‘అమ్మ పెట్టె తాళంచెవి నా మెళ్లో దారానికి కట్టింది. బస్సు పోతదని జల్దిగ పోయింది. రాత్రి పెట్టె తీస్తే బట్టల కింద సకినాల డబ్బా ఉన్నది. మూత తీస్తే అందరికీ పెట్టాల్సొస్తదని తీయలే.’ బాధ అన్న మాటే లేదు, అయినా బాధంతా ఉంది. ఆఖరి వాక్యం ఆ అమ్మాయి తప్ప ఇంకెవరూ రాయలేరు. ఆ గొంతు కోసమే ఈ పనంతా.

ఇక్కడ ‘పోతదని’, ‘తీయలే’ అన్నవాటిని దిద్దితే చేసిందంతా పోతుంది. పరీక్ష జవాబుకు ప్రామాణిక భాష వేరు, సొంత కథకు ఇంటి భాష వేరు అని పిల్లలకు ముందే చెప్పండి. ఆ తేడా వాళ్లకు బాగానే అర్థమవుతుంది. ఒత్తులు, దీర్ఘాలు మాత్రం చివరి ప్రతిలో సరిచేయండి. చివరి నీతివాక్యాన్ని వాళ్ల చేతే కొట్టేయించండి. కాళోజీ నారాయణరావు గారి పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నాం కదా, ఈ కథలు బడిలో చదివించడానికి అంతకంటే మంచి రోజు లేదు.

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. ఏమడిగినా ‘ఏం లేదు’ అంటుంది. డైరీ రాయమని కొనిచ్చాను, ఖాళీగానే ఉంది.
– ఒక తల్లి, ఏలూరు

జవాబు: ‘స్కూల్లో ఏం జరిగింది?’ అన్నది పిల్లల చెవికి విచారణలా వినిపిస్తుంది. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే మరీను. చిక్కుడుకాయలు ఒలిచేటప్పుడో, బట్టలు మడతపెట్టేటప్పుడో, బండి మీద వెళ్లేటప్పుడో పక్కపక్కన ఉంటారు, కళ్లు కలపక్కర్లేదు. ముందు మీరు చెప్పండి. మీ పద్నాలుగో ఏట మీరు తప్పు చేసిన సంగతి, మూడు నిమిషాలకు మించకుండా. ‘అందుకే నువ్వు కూడా...’ అన్నారంటే అక్కడితో సరి. చెప్పి ఊరుకోండి. ఆ రోజు తనేమీ అనకపోవచ్చు, వారం తర్వాత అనొచ్చు. మాట మొదలుపెట్టి ఆగితే మనసులో పది లెక్కపెట్టుకోండి. ఆ ఖాళీని మీరు పూడిస్తే తను వెనక్కి పోతుంది.

తను చెప్పింది ఫోనులో పిన్నికో అమ్మమ్మకో చెప్పేస్తే ఇంకో కథ మీ దాకా రాదు. చాలా ఇళ్లలో పిల్లల నోరు మూతపడేది ఇక్కడే. ముద్దుగా చెప్పినా సరే, అది తన మాట.

డైరీ సంగతికొస్తే, తేదీలు అచ్చువేసినది వద్దు. రెండు రోజులు వదిలేస్తే ఖాళీ పేజీలు వెక్కిరిస్తాయి. వంద పేజీల మామూలు నోటుబుక్కు చాలు. ‘నేను చదవను’ అని ఒక్కసారి చెప్పండి, నిజంగానే చదవకండి. రాయడం ఇష్టం లేకపోతే ఫోనులో రికార్డు చేసుకుని, విని, చెరిపేసుకోమనండి. చెరిపేసే హక్కు ఉందని తెలిస్తేనే నిజం మాట్లాడతారు.

ప్రశ్న: పదో తరగతి. మండల స్థాయి పోటీలో మూడు నిమిషాలు నా అనుభవం చెప్పాలి. బట్టీ పట్టినా మధ్యలో మరిచిపోతున్నాను.
– ఒక విద్యార్థి, పార్వతీపురం మన్యం జిల్లా

జవాబు: బట్టీ పట్టడం వల్లే మరిచిపోతున్నావు బాబూ. ఒక్క మాట జారితే వెనకాల దండంతా తెగిపోతుంది. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం కంఠతా పట్టు. మధ్యలోదంతా అయిదు బొమ్మలుగా పెట్టుకుని వేలికి ఒకటి గుర్తుంచుకో: వాగు, తెగిన చెప్పు, మామయ్య కేక, అలా. ‘సభాధ్యక్షులకు, న్యాయనిర్ణేతలకు’ అని పేరు పేరునా పలకరిస్తే అర నిమిషం అక్కడే పోతుంది. ఒక్క ‘అందరికీ నమస్కారం’ చాలు. ఇంట్లో గడియారం పెట్టుకుని రెండు నిమిషాల నలభై సెకన్లకు సరిపోయేలా చెప్పుకో, వేదిక మీద కాస్త సాగుతుంది. నిలబడి, గొంతెత్తి రోజుకు మూడుసార్లు, అయిదు రోజులు. ప్రతిసారీ మాటలు మారితే మారనీ.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా అబ్బాయికి పదిహేడేళ్లు, కాలేజీ దరఖాస్తుకు సొంత వ్యాసం రాయాలి. నేను రెండు సూట్‌కేసులతో వచ్చిన రోజుల గురించి రాయమన్నాను. వాడికి నచ్చలేదు.
– ఒక తండ్రి

జవాబు: వాడిదే సరైన మాటండి. అమెరికాలో చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్‌లో వ్యాసానికి గరిష్ఠం 650 పదాలు. అందులో 400 మీ ప్రయాణానికి పోతే, చదివినవారికి తండ్రి తెలుస్తాడు, కొడుకు తెలియడు. మీ కథ రావాలంటే వాడి కంటితో రావాలి. ఉదాహరణకు, నాన్నమ్మతో వీడియో కాల్లో తెలుగు మాట అందక వాడు తడబడిన క్షణం. నాన్నమ్మ అన్న మాటను తెలుగు మాటగానే ఉంచి, దాని అర్థం తర్వాతి వాక్యంలో తెలిసేలా రాయమనండి. మొదటి ప్రతి 900 పదాలు వచ్చినా ఫర్వాలేదు. కోసేటప్పుడు ముందు మొదటి పేరానే కోసి చూడండి, అసలు కథ చాలాసార్లు రెండో పేరాలోనే మొదలవుతుంది. మీరు మాత్రం కలం పట్టకండి. నలభై దాటినవారి వాక్యం పదిహేడేళ్లవాడి వాక్యాల మధ్య అతుకులా కనిపిస్తుంది.

ప్రశ్న: లైబ్రరీలో పిల్లల చేత కథలు రాయిస్తున్నాం. ఒక అమ్మాయి కాగితంలో బంధువు ఒకాయన తనతో తప్పుగా ప్రవర్తిస్తున్నాడని ఉంది. ‘ఎవరికీ చెప్పకండి’ అని కింద రాసింది.
– ఒక కార్యకర్త, కర్నూలు

జవాబు: చెప్పక తప్పదు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరుగుతుందన్న అనుమానం ఉన్నా పోలీసులకు తెలియజేయాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షను చెబుతోంది. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలుశిక్ష పడొచ్చు. ఏం చేయాలో తోచకపోతే ముందు 1098కి ఫోను చేయండి. అది పిల్లల సహాయ నంబరు, రాత్రీపగలూ పనిచేస్తుంది, డబ్బు పడదు.

అమ్మాయితో విడిగా, తలుపు తెరిచి ఉన్న గదిలో మాట్లాడండి. ‘నీ మాట నమ్ముతున్నాను, ఇందులో నీ తప్పు లేదు. నిన్ను కాపాడాలంటే ఫలానావాళ్లకు చెప్పాలి’ అని ఎవరికి చెబుతున్నారో కూడా చెప్పండి. వివరాలు గుచ్చిగుచ్చి అడగకండి, అది మీ పని కాదు. పదిమంది పదిసార్లు అడిగితే ఆ పిల్ల పదిసార్లు నలిగిపోతుంది. తను అన్న మాటలు అన్నట్టుగానే తేదీతో రాసి ఉంచండి. ఆ కాగితం ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టడం, ఆ బంధువును మీరే పిలిచి నిలదీయడం చేయకండి. నిలదీస్తే అతను జాగ్రత్తపడతాడు, పిల్ల మీద ఒత్తిడి పెరుగుతుంది.

ఇకమీదట మొదటి రోజే పిల్లలందరికీ ఈ మాట చెప్పి మొదలుపెట్టండి: ‘మీరు రాసింది మీ అనుమతి లేకుండా ఎవరికీ చూపించం. మీకు ప్రమాదం ఉందని తెలిస్తే మాత్రం సాయం చేయగలవాళ్లకు చెబుతాం.’ ఏమీ చదవకుండా ‘ఈ రోజు నా వంతు వద్దు’ అనే వీలూ ఉండాలి. ఎవరైనా చదువుతూ ఏడిస్తే ఆపమని గదమాయించకండి, చప్పట్లు కొట్టించకండి. నీళ్లిచ్చి, ‘చదువుతావా, కూర్చుంటావా?’ అని అడగండి. దిగులు రోజుల తరబడి వదలకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోను సాయం టెలిమానస్ నంబరు 14416 ఇవ్వండి, అక్కడ తెలుగులోనే మాట్లాడొచ్చు.