అన్నయ్య వేసిన పిటిషను, అమ్మ పెట్టుకున్న ఆశ

గాజువాక నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం సారాంశం ఇది. ఆమెకు 41 ఏళ్లు. భర్త ఒక ప్రైవేటు కర్మాగారంలో సూపర్‌వైజరు, ఒక్కగానొక్క కూతురు 13 ఏళ్ల పిల్ల. తండ్రి పోయినప్పటి నుంచి 72 ఏళ్ల తల్లి ఆమె దగ్గరే ఉంటున్నారు. న్యూజెర్సీలో స్థిరపడిన అన్నయ్య అమెరికా పౌరసత్వం వచ్చాక, చెల్లెలిని అక్కడ స్థిరపడేలా పిలిపించుకోవడానికి 2021లో ఆమె పేరిట వలస పిటిషను వేశారు. ఆ తర్వాత ఏ కబురూ లేదు. ద్వారకానగర్‌లో ఒక వీసా కన్సల్టెంటు మాత్రం, విజిటర్ వీసా మీద వెళ్లిపోతే అక్కడే స్టేటస్ మార్చుకుని శాశ్వతంగా ఉండిపోవచ్చనీ, దరఖాస్తులో పిటిషను సంగతి రాయకపోతే సరిపోతుందనీ చెబుతున్నాడట. “అన్నయ్య నిజంగా తలచుకుంటే ఈపాటికి నేను అక్కడుండేదాన్ని. వదినకు ఇష్టం లేదు కాబట్టే నాన్చుతున్నాడు. సంక్రాంతి నుంచి అన్నయ్యతో మాట్లాడటం మానేశాను. నన్నేం చేయమంటారు?” అని ఆమె అడిగారు.

అమ్మా, మీ ఉత్తరంలో ఒక చోట నేను ఆగిపోయాను. అన్నయ్య పంపిన పిటిషను రసీదును మీ అమ్మగారు జిరాక్సు తీయించి, నాలుగు మూలలా పసుపు రాసి, సింహాద్రి అప్పన్న పటం పక్కన పెట్టుకున్నారని రాశారు. ఆ కాగితం మీదున్న తేదీకి అర్థమేమిటో ఆవిడకు ఎవరూ చెప్పలేదనీ, బహుశా మీకూ ఎవరూ చెప్పలేదనీ నాకు అనిపించింది. మీ అన్నగారి మీద మీకున్న కోపంలో పెద్ద భాగం ఆ తేదీ సంగతి తెలియకపోవడం వల్లే పుట్టింది కనుక, ముందుగా దాని గురించే చెబుతాను.

అమెరికా పౌరులు తమ తోబుట్టువుల కోసం వేసే పిటిషను నాలుగో కుటుంబ వర్గంలోకి వస్తుంది. దీన్నే ఎఫ్‌4 అంటారు. ఈ వర్గానికి ప్రపంచం మొత్తానికీ కలిపి ఏడాదికి 65,000 వీసాలే ఉన్నాయి, అందులోనే ఆ తోబుట్టువుల భార్యాభర్తలనూ పిల్లలనూ కూడా లెక్కవేస్తారు. పైగా ఏ ఒక్క దేశానికీ మొత్తం వీసాలలో 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమం ఉండటం వల్ల, మనలాగా దరఖాస్తులు ఎక్కువగా ఉన్న దేశాల వరుస మరింత నెమ్మదిగా కదులుతుంది. ఏ తేదీ వరకు వంతు వచ్చిందో అమెరికా ప్రభుత్వం నెలనెలా చెప్పే వీసా బులెటిన్లు చూస్తే, 2025లో భారతీయుల ఎఫ్‌4 వరుస 2006వ సంవత్సరపు తేదీల దగ్గరే ఉంది, అంటే అంతకు 19 ఏళ్ల ముందు పిటిషను పడినవాళ్లకు ఆ ఏడాది వంతు వచ్చింది. రసీదు మీదున్న మీ తేదీ 2021, వరుసలో మీ చోటును చెప్పేది అదే. ఈ వరుసను మీ అన్నగారు గానీ, మీ వదినగారు గానీ, ఎంత పేరున్న వకీలు గానీ ఒక్క రోజైనా ముందుకు జరపలేరు. పౌరసత్వం రాకముందు, గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్న రోజుల్లో, మీ పేరిట పిటిషను వేసే హక్కే ఆయనకు లేదు. కనుక ఆయన నాన్చుతున్నారన్న మాటకు ఈ లెక్కల్లో ఎక్కడా ఆధారం కనిపించడం లేదు.

ఇక చెప్పక తప్పని కష్టమైన మాట మీ అమ్మాయి గురించి. ఇదంతా పాప చదువు కోసమేనని మీరు రెండుసార్లు రాశారు. మీతో పాటు వీసా పొందాలంటే బిడ్డ అవివాహితగా, 21 ఏళ్ల లోపు ఉండాలి. వరుస ఏడాదికి ఏడాది చొప్పున కదిలినా మీ వంతు రావడానికి ఇంకా 15 ఏళ్లు పడుతుంది, అప్పటికి పాపకు 28 ఏళ్లు వస్తాయి. పిల్లల వయసును కాపాడే 2002 నాటి చట్టం ఒకటి ఉంది గానీ, అది పిటిషను పరిశీలనలో ఉన్న కాలాన్ని మాత్రమే వయసులోంచి తీసివేస్తుంది, ఆమోదం పొందాక వరుసలో గడిచే ఏళ్లను తీసివేయదు. పరిశీలనకే అయిదేళ్లు పట్టిందనుకున్నా ఆమె వయసు 23గానే తేలుతుంది. కాబట్టి ఈ పిటిషను మీద పాప భవిష్యత్తును కట్టుకోకండి. ఆమెకు నిజంగా అక్కడ చదువుకోవాలని ఉంటే, తన మార్కులతో, తన స్టూడెంట్ వీసాతో, తన కాళ్ల మీద వెళ్లే దారి ఒకటి ఉంది. ఆ దారిలో మేనమామ ఇల్లు ఆసరా అవుతుంది. అందుకు దాచవలసిన డబ్బును ఇవాళ కన్సల్టెంటు చేతిలో పోయవద్దు.

ముందు అమ్మను పంపితే, ఆవిడ ద్వారా మీరు త్వరగా వెళ్లవచ్చని బంధువులెవరో అన్నారట. పౌరుడైన కొడుకు తల్లిని పిలిపించుకోవడానికి సంఖ్యా పరిమితి లేని మాట నిజమే. అయితే గ్రీన్‌కార్డు ఉన్న తల్లి పెళ్లయిన కూతురికి పిటిషను వేయలేదు. అందుకు ఆవిడ అక్కడ అయిదేళ్లుండి పౌరసత్వం తెచ్చుకోవాలి, ఆ తర్వాత మీరు చేరే మూడో వర్గం, అంటే పౌరుల పెళ్లయిన పిల్లల వరుస కూడా 2025లో 2010, 2011 సంవత్సరాల తేదీల దగ్గరే ఉంది. పొద్దున్నే అరుగు మీద కూర్చుని నలుగురితో మాట్లాడితే గాని కాఫీ దిగని మనిషిని, ఈ వయసులో మన కోసం పరాయి దేశంలో నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టడం నాకు న్యాయంగా తోచడం లేదు. కొడుకు దగ్గర ఉండాలని ఆవిడకే ఉంటే అది వేరే సంగతి.

కన్సల్టెంటు చెప్పిన మాట దగ్గర మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను. విజిటర్ వీసాకు నింపే డీఎస్‌-160 ఫారంలో, మీ పేరిట ఎవరైనా వలస పిటిషను వేశారా అన్న ప్రశ్న సూటిగా ఉంటుంది. అక్కడ లేదని రాస్తే అది మరచిపోవడం కిందికి రాదు, అబద్ధం చెప్పడం కిందికి వస్తుంది. పిటిషను వివరాలు వాళ్ల ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. అలాంటి అబద్ధం బయటపడితే జీవితాంతం ప్రవేశం లేకుండా పోవచ్చు, దాని నుంచి మినహాయింపు కోరాలంటే అమెరికా పౌరులో గ్రీన్‌కార్డుదారులో అయిన భర్తగాని తల్లిదండ్రులుగాని ఉండాలి తప్ప అన్న ఉంటే చాలదు. ఇక వెళ్లి ఉండిపోవడం సంగతి. వంతు రాని ఎఫ్‌4 పిటిషనుతో అక్కడ స్టేటస్ మారదు. అనుమతి గడువు దాటి 180 రోజులకు మించి ఉండి బయటికి వస్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు తిరిగి అడుగుపెట్టనివ్వరు. వంతు వచ్చే నాటికి ఆ మచ్చ మీ దస్త్రంలో ఉంటుంది. పోయేది మీ డబ్బూ మీ పేరూ, కన్సల్టెంటుకు నష్టమేమీ ఉండదు.

నిజం చెప్పి వెళ్లే దారి మూసుకుపోలేదు. పిటిషను ఉన్నంత మాత్రాన విజిటర్ వీసా ఇవ్వకూడదన్న నియమం లేదు. దరఖాస్తు చేసిన ప్రతి మనిషినీ అక్కడ స్థిరపడటానికే వస్తున్నట్టు భావించమని వాళ్ల చట్టం అధికారికి చెబుతుంది, ఆ భావనను తొలగించవలసిన బాధ్యత మనదే అవుతుంది. మీ ఆయన ఉద్యోగం, పాప బడి, మీ మీద ఆధారపడిన తల్లి ఇవన్నీ మీరు తిరిగి వస్తారనడానికి బలమైన కారణాలే. హైదరాబాదు నానక్‌రామ్‌గూడ కాన్సులేటులో ఇంటర్వ్యూకు పిలిచినప్పుడు, “అన్నయ్య పిటిషను వేశాడు, దాని వంతు రావడానికి చాలా ఏళ్లున్నాయని నాకు తెలుసు, ఇప్పుడు ఆరు వారాలు చూసి రావడానికే వెళుతున్నాను” అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. 185 డాలర్ల రుసుము మాత్రం వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు, ఆ సంగతి మనసులో పెట్టుకుని బయలుదేరండి.

పిటిషనును మాత్రం వదులుకోకండి, దాన్ని ఒక పక్కన బతకనివ్వండి. ఇల్లు మారినప్పుడు అన్నగారి చేత చిరునామా మార్పించండి. మీరిద్దరూ ఒక తల్లి బిడ్డలేనని చూపే జనన ధ్రువపత్రాలు అమ్మ ఉండగానే సరిచూసుకోండి. పాత రిజిస్టర్లలో పిల్ల పేరు గడి ఖాళీగా ఉండటం, తండ్రి ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరొకచోట పూర్తిగా ఉండటం మనవాళ్ల కాగితాల్లో మామూలే. పుట్టినప్పటి సంగతులకు ప్రమాణపత్రం ఇవ్వగల మనిషి ఇవాళ మీ ఇంట్లోనే ఉన్నారు.

ఇప్పుడు కోపం సంగతి. ఉత్తరం రెండో పేజీలో, అమ్మకు మోకాలి ఆపరేషను జరిగినప్పుడు కేజీహెచ్ ఆసుపత్రి వరండాలో మూడు రాత్రులు మీరొక్కరే కూర్చున్నారని, అన్నయ్య డబ్బు పంపాడు గాని రాలేదని రాశారు. మీ అసలు బాధ అక్కడుందని నేను అనుకుంటున్నాను. ఏళ్లుగా తల్లి భారం మోస్తున్నందుకు మిమ్మల్ని అమెరికా తీసుకెళ్లడమే ఆయన తీర్చవలసిన రుణమని మీకు తెలియకుండానే లెక్క కట్టుకున్నారు. ఆ రుణం ఆయన చేతిలో లేని వీసాతో తీరదు, ఆయన చేతిలో ఉన్నవాటితోనే తీరుతుంది. ఏడాదికి ఒక నెల వచ్చి అమ్మ దగ్గర ఉండమని, ఆ నెల మీకు విశ్రాంతి ఇవ్వమని, పగలు తోడుండే ఆయమ్మ జీతం ప్రతి నెలా తానే భరించమని నేరుగా అడగవచ్చు. అది మీ హక్కు కూడా. వదినగారి గురించి మీరు రాసిన ఆధారమల్లా వీడియో కాల్‌లో వెనక నుంచి నడిచిపోయి పలకరించకపోవడం ఒక్కటే. అక్కడ శనివారం రాత్రి పది గంటలకు అలసిన మనిషి నడకను బట్టి ఆమె మనసు తేల్చకండి.

ఆదివారం పొద్దున అన్నయ్య ఫోను చేసినప్పుడు అమ్మ చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోతున్నారని రాశారు. ఈ ఆదివారం అమ్మ మాట్లాడటం పూర్తయ్యాక ఫోను తీసుకుని మేడ మీదికి వెళ్లండి. వీసా మాట ఎత్తకుండా, ముందుగా ఆ మూడు రాత్రుల గురించి చెప్పండి.